ఇంటికి చేరడానికి పదేళ్ళు పట్టింది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు చదువు చెప్పిన గురువుల్లో ఈ రోజు ఇక్కడికి రాగలిగిన ముగ్గురికీ పాదాభివందనం. ముందు వరసలో కూర్చున్న 1977 పదో తరగతి బ్యాచి మిత్రులకు ప్రత్యేకంగా నమస్కారం. మనలో కొందరికి జుట్టు పోయింది, కొందరికి పళ్ళు పోయాయి, అల్లరి మాత్రం పోలేదని పొద్దున్న టిఫిన్ల దగ్గరే తెలిసిపోయింది.

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "సైన్యంలో మీ అనుభవాలు చెప్పండి, పిల్లలకు స్ఫూర్తిగా ఉంటుంది" అన్నారు. సరే అన్నాను. ఆగస్టు 15కి, జనవరి 26కి ఇదే మైదానంలో అలాంటి మాటలు చాలాసార్లు చెప్పాను. జెండా గురించి, క్రమశిక్షణ గురించి చెప్పాను. అవి అబద్ధాలు కావు. కానీ సగమే చెప్పాను. మిగతా సగం ఈ రోజు చెబుతాను. చెప్పొచ్చా అని మా ఆవిణ్ణి, మా అబ్బాయిని ముందే అడిగాను. "మీకు చెప్పాలనిపిస్తే చెప్పండి" అంది ఆవిడ. "నా చెయ్యి విరిగిన సంగతి కూడా చెప్పు నాన్నా" అన్నాడు వాడు. ఇద్దరూ ఈ సభలోనే ఉన్నారు.

మాది వడ్రంగం చేసుకునే కుటుంబం. పదో తరగతి అయ్యాక మూడేళ్ళు మా నాన్న దగ్గర చిత్రిక పట్టాను. 1980లో సైన్యంలో చేరాను. చేతిలో పని ఉందని చూసి మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో కార్పెంటర్ ట్రేడు ఇచ్చారు. బెంగుళూరులో ఉల్సూరు చెరువు పక్కన మా సెంటరు. మమ్మల్ని సాపర్లు అంటారు. వంతెనలు వేయడం, రోడ్లు వేయడం, శత్రువు పెట్టిన మందుపాతరలు తీయడం మా పని. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం మీకు తెలుసు, మిలిటరీ మాధవరం అంటారు. అక్కడ ఇంటింటికీ ఓ సిపాయి ఉంటాడు, తిరిగొచ్చినవాడి కళ్ళు చూసి ఏం జరిగిందో పోల్చుకోగల ముసలివాళ్ళు అరుగుల మీద కూర్చుని ఉంటారు. మన ఊరికి అప్పట్లో నేనొక్కణ్ణే. ఈ తేడా ఎందుకు చెబుతున్నానో చివర్లో తెలుస్తుంది.

1987 జులై 29న కొలంబోలో మన ప్రధానమంత్రి, శ్రీలంక అధ్యక్షుడు ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. తమిళ పోరాట సంస్థలు ఆయుధాలు అప్పగించాలి, మనం శాంతి కాపాడాలి. అందుకే మా దళానికి భారత శాంతి పరిరక్షక దళం అని పేరు. అక్టోబరుకల్లా ఆ శాంతి కాస్తా యుద్ధమైంది. ఎవరిని కాపాడటానికి వెళ్ళామో ఆ జనం మధ్యే, ఎల్టీటీఈతో పోరాడాల్సి వచ్చింది. నేను జాఫ్నాలో దిగింది ఆ అక్టోబరులోనే. అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు, అబ్బాయికి ఏడాది దాటింది.

జాఫ్నా చూస్తే మీరు ఆశ్చర్యపోతారు, అచ్చం మన ఊరే. దారికి రెండు వైపులా తాటిచెట్లు, తాటాకు దడులు, ఇసుక నేల, పెరట్లో బావి. మనుషులూ మనలాగే ఉంటారు. నాకు బెంగుళూరులో పట్టుబడ్డ తమిళం వల్ల వాళ్ళ మాటలు సగం అర్థమయ్యేవి. అర్థం కాకపోతే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

పొద్దున్నే మా బండ్లు కదలడానికి ముందు దారి చూడటం మా పని. ముందు డిటెక్టరు పట్టుకుని ఒకడు, వెనక మొన ఉన్న ఇనుప ఊచతో నేల గుచ్చుతూ ఒకడు. ఎల్టీటీఈ వాళ్ళు ప్లాస్టిక్ డబ్బాల్లో మందు దట్టించి రోడ్డు కింద పాతేవారు. ప్లాస్టిక్‌ని డిటెక్టరు పసిగట్టలేదు. అక్కణ్ణుంచి తీగ తీసుకెళ్ళి, ఎక్కడో తోటలో కూర్చున్నవాడు మీట నొక్కితే పేలేది. అందుకని కంటితో చూడాలి. కొత్తగా తవ్విన మట్టి రంగు వేరుగా ఉంటుంది. గడ్డి వాడి ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు నడవడం మానేసిన చోట అడుగుజాడలు ఉండవు. అడుగుజాడ ఉన్నచోటే అడుగు వెయ్యి అని నేర్పారు. రెండేళ్ళు అలాగే నడిచాను.

మా కంపెనీ కొన్నాళ్ళు ఒక బడిలో మకాం పెట్టింది. పిల్లలు లేరు, మాస్టర్లు లేరు. నల్లబల్ల మీద భిన్నాల లెక్క ఒకటి సగంలో ఆగిపోయి ఉంది. కిటికీలకు అడ్డం పెట్టడానికి బల్లలు కావాలన్నారు. బల్లలు విప్పడం తెలిసినవాణ్ణి నేనే. కొన్ని కిటికీలకు కొట్టాను. వర్షాలొచ్చి కట్టెలు తడిసినప్పుడు కొన్ని పొయ్యిలోకి వెళ్ళాయి. వడ్రంగి కొడుకుని, ఆ బల్లలు ఎవడో ఎంత శ్రద్ధగా కూర్చాడో నాకు తెలుసు. అయినా విరిచాను.

నా పక్క మంచం శ్రీకాకుళం వైపు కుర్రాడిది. నాకంటే ఆరేళ్ళు చిన్న. "అన్నా" అనేవాడు. 1988లో ఒక పొద్దున్న నేను దారి చూసి, చెయ్యి ఊపి, రమ్మన్నాను. నేను చూసిన దారే. వాడు నాలుగు అడుగులు వేశాడు. అంతకంటే చెప్పను. తరవాత విచారణలో నా తప్పు లేదన్నారు. ఆ ఊచ పట్టుకున్న ఎవరైనా దాన్ని కనిపెట్టలేకపోయేవారు అన్నారు. కాగితం మీద నా తప్పు లేదు. చెయ్యి ఊపింది మాత్రం నేనే.

ఆ దీవిలో మనవాళ్ళు దాదాపు 1200 మంది పోయారు. అక్కడి సామాన్య జనం ఎంతోమంది పోయారు, అందులో మా వల్ల పోయినవాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళలో మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కి, 1987 నవంబరు 25న ప్రాణమిచ్చినందుకు, పరమవీరచక్ర వచ్చింది. ఆయన పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 1990 మార్చి 24న చివరి దళాలు ట్రింకోమలీ విడిచి వచ్చాయి. మద్రాసు రేవులో స్వాగతం చెప్పడానికి అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి వెళ్ళలేదు. ఆయన కారణాలు ఆయనకున్నాయి. ఓడ దిగిన సిపాయికి మాత్రం ఆ కారణాలు తెలియవు కదా. తరవాత కొలంబో దగ్గర మనవాళ్ళ పేర్లు చెక్కిన స్మారకం శ్రీలంక ప్రభుత్వమే కట్టింది.

నేను అంతకు ముందే, 1989లో ఉపసంహరణ మొదలైనప్పుడు వచ్చాను. దసరాల ముందు రెండు నెలల సెలవు దొరికింది. బస్సు దిగి, నెత్తి మీద ట్రంకుపెట్టె పెట్టుకుని మన పుంత దారిలోకి తిరిగాను. రెండు వైపులా తాటిచెట్లు. కాళ్ళు కదలలేదు. చిన్నప్పుడు ముంజెల కోసం ఎక్కిన చెట్లే అవి. వెనకాల ఎడ్లబండి వస్తే దాన్ని ముందుకు పోనిచ్చి, చక్రం నడిచిన గాడిలోనే అడుగులో అడుగేసుకుంటూ ఇంటికి చేరాను. బండివాడు వెనక్కి తిరిగి తిరిగి చూశాడు.

మా అబ్బాయికి అప్పటికి మూడేళ్ళు. మా అమ్మ వెనకాల దాక్కుని, "నాన్నమ్మా, ఎవరు?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రాత్రుళ్ళు నిద్ర ఉండేది కాదు. అందరూ పడుకున్నాక లాంతరు పట్టుకుని ఇంటి చుట్టూ నేల చూసేవాణ్ణి. మా ఆవిడ నీళ్ళకి బయల్దేరితే ముందు నేను నడిచేవాణ్ణి. టీకొట్టు దగ్గర, "అది మన యుద్ధం కాదుగా, ఎందుకెళ్ళార్రా?" అని ఒకాయన, "ఎంతమందిని చంపావ్ రా?" అని ఇంకొకాయన. ఇద్దరూ నా మేలు కోరినవాళ్ళే. ఆ తరవాత టీకొట్టుకి వెళ్ళడం మానేశాను.

దీపావళి వచ్చింది. మా ఇంటి ముందు పిల్లలు మతాబులు, చిచ్చుబుడ్లు కాలుస్తున్నారు. మా వాణ్ణి పక్కన నిలబెట్టుకుని కాకరపువ్వొత్తు పట్టించాను. వెనక నుంచి ఎవరో కుర్రాడు తాటాకు టపాకాయ ఒకటి వెలిగించి పడేశాడు. ఆ తరవాత ఏం జరిగిందో నాకు తెలియదు. మా ఆవిడ చెబితే తెలిసింది. వాణ్ణి నేలకేసి కొట్టి మీద పడిపోయానట. నలుగురు లాగితేగాని లేవలేదట. వాడి ఎడమ చెయ్యి విరిగింది. వాణ్ణి కాపాడుతున్నానని నేననుకున్నాను. ఎవరో కొత్తమనిషి ఇంటికొచ్చి తనని కొట్టాడని వాడనుకున్నాడు.

మా మావగారు వచ్చి, ఒక్క మాట తూలకుండా, "కొన్నాళ్ళు మా దగ్గర ఉంచుకుంటాం బాబూ" అని తల్లీబిడ్డలను తీసుకెళ్ళారు. నేను ఆపలేదు. మనసులో సంతోషించాను కూడా, నా నుంచి వాళ్ళు దూరంగా ఉన్నారని. మిగతా సెలవు వదులుకుని యూనిట్‌కి వెళ్ళిపోయాను.

ఆ తరవాత ఎనిమిదేళ్ళు సర్వీసు. ఏడాదికోసారి సెలవు, వాడు అమ్మమ్మగారింటికి పోవడం, నేను మళ్ళీ రైలెక్కడం. నెలనెలా మనియార్డరు పంపేవాణ్ణి. ఆ ఫారం కింద నాలుగు ముక్కలు రాసుకునే చోటుంటుంది, మీకు గుర్తుండే ఉంటుంది. అది ఖాళీగా వదిలేసేవాణ్ణి. మా ఆవిడ ఆ ఖాళీ ముక్కలన్నీ దాచిపెట్టింది. మిలిటరీ ఆస్పత్రిలో డాక్టరుకి చెప్పొచ్చు కదా అంటారేమో. చెబితే మెడికల్ కేటగిరీ తగ్గిస్తారని, ప్రమోషన్ పోతుందని భయం. అందరికీ అదే భయం. అందుకని అందరం నవ్వుతూనే ఉండేవాళ్ళం.

1997లో హవల్దారుగా పింఛను మీద వచ్చేశాను. ఇంటి దగ్గర అంతా సర్దుకుంటుందనుకున్నాను. ఇంకా పాడైంది. బారకాసులో నాలాంటివాళ్ళు పక్కనుండేవారు, ఇక్కడ ఎవరూ లేరు. క్యాంటీను రమ్ము ఉండనే ఉంది. రాత్రి కేకలు వేస్తే మా ఆవిడ నన్ను ముట్టుకుని లేపేది కాదు, ఒకసారి ముట్టుకుని మెడ మీద నా చేతులు చూసింది. దూరంగా నిలబడి కర్రతో మంచం కోడు మీద తట్టేది. ఎవరూ నేర్పకుండా తనంతట తాను కనిపెట్టిన ఉపాయం అది. మా అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ఆవిడ చేతనైంది ఆవిడ చేసింది.

అప్పుడు మన సైన్సు మాస్టారు ఇంటికొచ్చారు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, యుద్ధం ఊసెత్తకుండా, "ఒరేయ్, బళ్ళో బల్లలన్నీ ఊగిపోతున్నాయి. బాగుచేయించడానికి డబ్బుల్లేవు. నీకేం పనుంది? రా" అన్నారు. రానన్నాను. మర్నాడు మళ్ళీ వచ్చారు. నాలుగో రోజు ఉలి, రంపం తీసుకుని వెళ్ళాను. ఇదిగో, ఈ కుడి పక్క వరండాలోనే. గది లోపలికి వెళ్ళలేక బల్లలు బయటికి తెప్పించుకున్నాను.

మూడో రోజో నాలుగో రోజో ఒక బల్ల విప్పి, మేకు పీకుతూ ఏడ్చేశాను. మాస్టారు పిల్లల్ని అవతలికి పంపేశారు. అప్పుడు చెప్పాను, జాఫ్నా బడి గురించి, పొయ్యిలో పెట్టిన బల్లల గురించి. శ్రీకాకుళం కుర్రాడి గురించి చెప్పలేకపోయాను. ఆయన ఓదార్చలేదు. నా తప్పు లేదనీ అనలేదు. చాలాసేపు కూర్చుని, "ఇక్కడ ఇంకా నలభై ఉన్నాయిరా" అన్నారు. అంతే. ఆ మాటకి నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను. మాస్టారు ఇప్పుడు లేరు. ఈ సభలో ఆయన కుర్చీ ఖాళీగా ఉండటం నాకు కనిపిస్తోంది.

మా అబ్బాయి అప్పుడు ఈ బళ్ళోనే చదువుతున్నాడు. మధ్యాహ్నం విరామంలో దూరంగా నిలబడి చూసేవాడు. కొన్నాళ్ళకి చెక్క ఆ చివర పట్టుకునేవాడు. మాటల్లేవు. "పట్టు, వదులు, తిప్పు", అంతే మా సంభాషణ. ఏడాదిన్నర అలాగే గడిచింది. 1999లో కార్గిల్ యుద్ధం వచ్చింది. టీవీలో శవపేటికలు, పూలదండలు, ఊరేగింపులు. ఇంటిల్లిపాదీ చూస్తున్నాం. వాడికి పదమూడు నడుస్తోంది. టీవీ వైపే చూస్తూ, "నాన్నా, నువ్వు వెళ్ళింది కూడా యుద్ధమేనా?" అని అడిగాడు.

వాడు నన్ను నాన్నా అని పిలవడం అదే మొదలు. అవునన్నాను. "మరి మాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆ రాత్రి మా ఆవిడకీ వాడికీ అంతా చెప్పాను, నేను చెయ్యి ఊపిన సంగతితో సహా. తెల్లారిపోయింది. పొద్దున్నే మా ఆవిడ, "విశాఖపట్నం వెళ్దాం. నేనూ వస్తాను" అంది.

అక్కడ డాక్టరుగారు ముందు నన్ను కాదు, మా ఆవిణ్ణి అడిగారు, "మీరెలా ఉన్నారమ్మా?" అని. పదేళ్ళలో ఆవిణ్ణి ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. నేను కూడా అడగలేదు. ఇది పిచ్చి కాదని, పిరికితనం కాదని, దీనికి పేరుందని ఆయన చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధంలో షెల్ షాక్ అన్నారట. వియత్నాం నుంచి వచ్చిన సైనికులను చూశాక, 1980లో అమెరికా డాక్టర్లు తమ గ్రంథంలో పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని రాశారట. నేను సైన్యంలో చేరిన ఏడాదే ఆ జబ్బుకి పేరు పెట్టారన్నమాట! మందులు వాడాను, మాట్లాడాను, తాగుడు మానడానికి మాత్రం రెండుసార్లు పట్టింది. పూర్తిగా నయమైందా అంటే, ఇప్పటికీ దీపావళికి తలుపులేసుకుని లోపల కూర్చుంటాను. కాకపోతే ఇప్పుడు నాతోపాటు మా అబ్బాయి కూర్చుంటాడు.

మీకో సందేహం రావచ్చు. మాకు స్వాగతం దొరకలేదు కాబట్టి ఇలా అయిందా అని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తరవాత కార్గిల్ నుంచి దండలతో, బాజాలతో తిరిగొచ్చిన ఒక సిపాయితో మాట్లాడాను. అతని రాత్రులూ నా రాత్రుల్లాగే ఉన్నాయి. "దండ వేశాక అందరూ ఇళ్ళకి పోయారన్నా" అన్నాడు. దండ వేయడం మంచిదే. అది బస్సు దిగిన రోజుకి సరిపోతుంది. ఆ తరవాత వందల రాత్రులుంటాయి. సైనికుడికి యుద్ధం నేర్పడానికి సెంటరుంది, ఉస్తాదులున్నారు. తిరిగొచ్చినవాడితో బతకడం ఎలాగో అతని భార్యకి, పిల్లలకి ఎవరూ నేర్పరు. కర్రతో మంచం కోడు తట్టి నేర్చుకోవాల్సిందే.

అందుకే మాధవరం సంగతి ముందే ఎత్తాను. అలాంటి ఊళ్ళో ఆ నేర్పు అరుగుల మీద దొరుకుతుంది. మన ఊళ్ళో అరుగు లేదు. మన సంఘమే ఆ అరుగు కావాలని నా కోరిక. ఇప్పుడు మన బడి నుంచి వెళ్ళినవాళ్ళు సైన్యంలో ఉన్నారు, సీఆర్పీఎఫ్‌లో ఉన్నారు, పోలీసుల్లో ఉన్నారు. వాళ్ళు సెలవు మీద వస్తారు. అప్పుడు చేయదగినవి కొన్ని చెబుతాను.

ఎంతమందిని చంపావని అడగకండి. ఏమీ అడక్కపోయినా ఫరవాలేదు, పక్కన కూర్చోండి. చేతికేదైనా పని చెప్పండి. వాళ్ళింట్లో ఆడవాళ్ళని, "నువ్వెలా ఉన్నావమ్మా?" అని ఎవరో ఒకరు అడగండి, ఆడపిల్లలు అడిగితే మరీ మంచిది. మాస్టర్లూ, టీచరమ్మలూ, సిపాయి పిల్లలు తరగతిలో ఉన్నట్టుండి ముడుచుకుపోతే నాన్న సెలవు మీద వచ్చాడేమో కనుక్కోండి. పింఛనుదారులకు 2003 నుంచి ఈసీహెచ్ఎస్ వైద్యం ఉంది, అందులో మానసిక వైద్యం కూడా చేయించుకోవచ్చు. దారి తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు. రాత్రిపూట ఎవరూ దొరక్కపోతే టెలిమానస్ వాళ్ళ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. అన్నిటికంటే ముందు నేనున్నాను. నా ఇల్లు అందరికీ తెలుసు. రాత్రి రెండింటికి తలుపు కొట్టినా తీస్తాను, ఎలాగూ మెలకువగానే ఉంటాను.

ఆ రోజు నేను బాగుచేసిన బల్లల్లో పదకొండు ఇంకా ఈ బళ్ళో ఉన్నాయి. పొద్దున్న లెక్కపెట్టి వచ్చాను. ఈసారి గది లోపలికి వెళ్ళే లెక్కపెట్టాను.

జై హింద్.